ఆ చెంచా నేనే తీసి దాచాను

నేను డ్యూటీలో చేరేసరికి సార్‌కి మీసం లేదు.

గోడ మీద ఫొటోల్లో ఉంది. పెళ్లి ఫొటోలో సన్నగా, నల్లగా. రిటైర్ అయిన రోజు మెడలో దండతో దిగిన ఫొటోలో ఒత్తుగా, తెల్లగా. మంచం మీదున్న మనిషికి మాత్రం లేదు. పై పెదవి మీద ఆ కాస్త చోటూ ఎప్పుడూ ఎండ తగలనట్టు పాలిపోయి ఉంది. అమ్మని, అంటే సార్ భార్యని, అడిగాను. "నీకంటె ముందున్న పిలగాడు తీసేసిండు బిడ్డా. జావ తాగిస్తుంటె మీసాలకు అంటుకుంటుందట, తుడవలేక సస్తున్న అన్నడు" అన్నారు. మరి సార్ ఏమన్నారు అన్నాను. "ఆయనేమంటడు? మాటే లేదాయె."

ముందు నా సంగతి చెప్పాలి. మాది పాలకొండ దగ్గర పల్లె. నేను పుట్టినప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఇంటర్ తప్పి ఖాళీగా తిరుగుతుంటే, విశాఖలో డీడీయూ-జీకేవై అని పల్లెటూరి కుర్రాళ్లకి పని నేర్పే ప్రభుత్వ పథకం కింద మూడు నెలల కోర్సు ఉంది, తిండీ హాస్టలూ ఫ్రీ అని ఎవరో చెప్పారు. పేరు జనరల్ డ్యూటీ అసిస్టెంట్. ఆఫీసు ఉద్యోగం అనుకుని వెళ్లాను, నిజం. వెళ్లాక తెలిసింది, బీపీ చూడటం, పల్స్ లెక్కపెట్టడం, మనిషి పడుకుని ఉండగానే కింద దుప్పటి మార్చడం, తడిగుడ్డతో ఒళ్లు తుడిచే స్పంజింగ్, డైపరు, యూరిన్ బ్యాగు ఎప్పుడూ పొట్ట కంటే కిందకే వేలాడాలి లాంటివి. అన్నీ బాగానే నేర్పారు. కాకపోతే ప్లాస్టిక్ బొమ్మ మీద నేర్పారు. బొమ్మకి సిగ్గుండదు. దాని ప్యాంటు లాగితే అది గోడ వైపు తిరిగి కళ్లు మూసుకోదు.

ఆ మిగతా సగం నేను కోర్సుకి ముందే నేర్చుకున్నాను, పేషెంటుగా. పద్దెనిమిదేళ్లప్పుడు అపెండిసైటిస్ ఆపరేషన్ అయింది. ముందు రోజు సాయంత్రం ఒకతను వచ్చి, నాతో ఒక్క ముక్క మాట్లాడకుండా దుప్పటి తీసేసి, బ్లేడుతో గీకడం మొదలుపెట్టాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోను. ఎవరితోనో చిట్టీ డబ్బుల గురించి గొడవ పడుతున్నాడు. నొప్పి ఏమీ లేదు, పని శుభ్రంగానే చేశాడు. కానీ ఇప్పటికీ ఆపరేషన్ గురించి నాకు గుర్తున్నది ఆ ఐదు నిమిషాలే. అందుకని నేను ఎవరి ఒంటి మీద చెయ్యి వేసినా ముందు చెప్పి వేస్తాను. "సార్, ఎడమ పక్కకి తిప్పుతున్నాను." "సార్, చల్లగా తగుల్తుంది, తుడుస్తున్నాను." వాళ్లకి తెలివి ఉన్నా లేకపోయినా, వినిపించినా వినిపించకపోయినా. కొన్ని ఇళ్లలో నన్ను చూసి నవ్వుకున్నారు కూడా, కోమాలో ఉన్న మనిషితో కబుర్లేమిటని.

సార్ ఇల్లు సికింద్రాబాద్ సీతాఫల్‌మండిలో. రైల్వేలో డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు, అమ్మ మాత్రం డ్రైవరనే అంటారు, అదే గొప్పగా. బొగ్గింజను మీద ఫైర్‌మన్‌గా కాజీపేటలో చేరి, డీజిలు నడిపి, కరెంటింజను నడిపి 2006లో దిగిపోయారు. 2020లో ఒక పొద్దున బాత్రూమ్‌లో పడ్డారు. నీరసం అనుకుని పడుకోబెట్టారు. మూతి వంకర పోయిందని అమ్మ గమనించేసరికి మధ్యాహ్నం. ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రం. మెదడులో నెత్తురు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు. అది ఎప్పుడో దాటిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి.

నేను 2021లో చేరాను. ఇరవై నాలుగు గంటల డ్యూటీ. ఇంట్లోవాళ్లు ఏజెన్సీకి కట్టేది ఒకటి, నా చేతికొచ్చేది ఒకటి, ఆ లెక్కలు ఇక్కడొద్దు.

మాట పోయిందంటే పూర్తిగా పోలేదు. ఒక్కటి మిగిలింది: "అదే."

వారానికోసారి స్పీచ్ థెరపీ మేడం వచ్చేవారు. ఆవిడ నాకు వంటగదిలో టీ తాగుతూ చెప్పారు. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు ఒక మనిషిని చూశాడట. ఏం అడిగినా ఆ మనిషి "టాన్" అనే ముక్క తప్ప ఇంకోటి అనలేకపోయేవాడు. పోయాక మెదడు తీసి చూస్తే ఎడమ వైపు ముందు భాగం దెబ్బతిని ఉంది. సార్‌కీ దెబ్బ తగిలింది ఎడమ వైపే. అందుకే కుడి చెయ్యీ మాటా కలిసి పోయాయి. "ఆయనకి అన్నీ అర్థమవుతాయి. లోపల మాట ఉంది, బయటికి దారి లేదు, అంతే" అన్నారావిడ.

పదిహేను రోజులయ్యేసరికి నాకు అన్ని రకాల "అదే"లూ తెలిసిపోయాయి. సాగదీస్తే అవును. చటుక్కున తెంపేస్తే కాదు. రెండుసార్లు అంటే నీళ్లు. మూడుసార్లు గట్టిగా అంటే ఒరేయ్ వెధవా, నీకు చెప్పేది అర్థం కావట్లేదా. ఈ చివరిది నాకు బాగా ఎక్కువ వచ్చేది మొదట్లో.

మాట పోయిన మనిషికి చెవుడు కూడా వచ్చిందనుకుంటారు, ఎందుకో. చూడ్డానికి వచ్చినవాళ్లు మంచం దగ్గర నిలబడి సార్ మొహం మీదకి వంగి గట్టిగా అరుస్తారు. ఇంకొందరు "తాతకి బువ్వ పెట్టాలా, మమ్మం తింటాడా" అని ముద్దు చేస్తారు. ముప్పై ఎనిమిదేళ్లు వెయ్యి మంది ప్రాణాలు వెనకేసుకుని బండి నడిపిన మనిషాయన! ఇంకా ఘోరం ఏమిటంటే, ఆయన్ని మధ్యలో పడుకోబెట్టి ఆయన మీదుగా నన్ను అడుగుతారు. "మోషన్ అయిందా ఇవాళ? ఎన్ని రోజులైంది? ఎన్నాళ్లుంటాడంటున్నారు డాక్టర్లు?" అలాంటప్పుడు సార్ తల గోడ వైపు తిరిగిపోయేది. నేను ఒక చిన్న తెలివి నేర్చుకున్నాను. ఎవరైనా నన్ను అడిగితే నేను సార్ వైపు తిరిగి "ఏటి సార్, చెప్పమంటారా?" అనేవాణ్ని. తెంపేసిన "అదే" వస్తే "సార్ వద్దంటున్నారండి" అని ఊరుకునేవాణ్ని. కొందరికి కోపం వచ్చింది. రానీ.

మీసం పెరగడానికి నెలన్నర పట్టింది. ఈలోగా గడ్డం గీసేది నేనే, రోజు విడిచి రోజు. పక్షవాతం వచ్చిన మొహం గీయడం అందరి మొహం గీసినట్టు కాదు. కుడి బుగ్గ జారిపోయి ఉంటుంది. రెండు వేళ్లతో చెవి వైపుకి లాగి పట్టుకుంటే కానీ బ్లేడు నడవదు. ఆ వైపు స్పర్శ తక్కువ, తెగినా ఆయనకి తెలీదు, నెత్తురు చూసేదాకా నాకూ తెలీదు. పెదవి మూల ఎప్పుడూ తడిగా ఉంటుంది, ముందు అది మెత్తని గుడ్డతో అద్దాలి, తుడవకూడదు. వేడినీళ్లలో ముంచి పిండిన నాప్కిన్ ఓ నిమిషం మొహం మీద వేసి ఉంచితే సార్ కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చేవారు. సెలూన్లో డ్రైవర్లు అలా చేయించుకుంటారు, చూశారా, అలాగే. ముందంతా అద్దం ఎవరూ ఇవ్వలేదట ఆయనకి, వంకర మూతి చూసుకుంటే బాధపడతారని. నేను రెండో వారం ఎడమ చేతికి అద్దం ఇచ్చాను. చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. నాకు భయం వేసింది, తప్పు చేశానేమో అని. తరవాత అద్దం కొంచెం పక్కకి వంచి, నేను చెవి దగ్గర వదిలేసిన నాలుగు వెంట్రుకలు వేలితో చూపించి "అదే! అదే! అదే!" అన్నారు. అంటే వెధవా అని.

మీసం వచ్చాక "ఎంత మందం ఉంచమంటారు సార్?" అని బొటనవేలు, చూపుడువేలు దగ్గర పెట్టి చూపించాను. ఆయన ఎడమ చెయ్యి లేపి గోడ మీద రిటైర్‌మెంటు ఫొటో చూపించారు. "అదే" అన్నారు. ఆ ఒక్కసారి ఆ మాటకి దాని అర్థమే.

జావ అంటుకునేది, నిజమే. చెంచా కొంచెం కింద నుంచి పెట్టి, మింగాక తడిగుడ్డతో ఒకసారి అద్దితే పోతుంది. ముద్దకి ఐదు సెకన్లు ఎక్కువ.

పని గురించి నాలుగు మాటలు చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి తిప్పాలి, ఎయిర్ బెడ్ ఉన్నా సరే. మడమలు, తుంటి, నడుం కింద ఎముక, ఈ మూడు చోట్లా రోజూ చూసుకోవాలి. ఎర్రగా కనిపిస్తే వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే పరవాలేదు. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. దాని మీద నూనె రాసి రుద్దేస్తారు చాలామంది ప్రేమ కొద్దీ, అస్సలు రుద్దకూడదు. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, తీసేటప్పుడు ఆఖర్న. ఆ చెయ్యి పట్టుకుని మాత్రం లేపకండి, భుజం కీలు జారుతుంది. మంచినీళ్లు జావ కంటే ప్రమాదం. పల్చటివి గొంతులో ఆగవు, ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. అందుకే సార్‌కి నీళ్లలో చిక్కబరిచే పొడి కలిపేవాళ్లం. ఆ జిగురునీళ్లంటే ఆయనకి పరమ అసహ్యం. నేనూ ఒకసారి తాగి చూశాను. ఆయన కోపం న్యాయమే.

కెమెరా సంగతి. సార్ కొడుకు అమెరికాలో. నేను అమెరికా సార్ అంటాను. మంచం ఎదురుగా కెమెరా పెట్టించారు, ఫోనులో చూసుకోవడానికి. ఆయన్ని తప్పు పట్టను. ముక్కూ మొహం తెలీని నాలాంటివాణ్ని ఇంట్లో పెట్టుకుని, అంత దూరంలో నిద్ర ఎలా పడుతుంది? కానీ స్పంజింగ్ చేసేటప్పుడు సార్ కళ్లు కెమెరా వైపే ఉండేవి. అందులో ఎర్ర దీపం ఒకటి వెలిగేది. మూడో రోజు నుంచి స్నానం టైముకి దాని మీద తువ్వాలు వేయడం మొదలుపెట్టాను. నాలుగో రోజు ఫోను. "ఏం దాస్తున్నావ్?" అన్నారు. నాకు కాళ్లు వణికాయి, ఉద్యోగం పోయిందనుకున్నాను. "సార్, మీ నాన్నగారికి బట్టలు తీసేటప్పుడు మీరు చూడటం ఆయనకి ఇష్టం ఉండదు సార్. ఇరవై నిమిషాలు. అయిపోగానే తీసేస్తాను" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. "వాడు నాకు ఇదివరకే ఎందుకు చెప్పలేదు?" అన్నారు, ముందటి అటెండెంట్ గురించి. తరవాత నుంచి స్నానం టైముకి ఆయనే అక్కడి నుంచి ఆపేసేవారు. ఎర్ర దీపం ఆరగానే సార్ నా వైపు చూసి చెయ్యి లేపేవారు, ఇంక కానీ అన్నట్టు.

ఇక్కడి వరకూ చదివితే నేను చాలా మంచివాణ్ని అనిపిస్తుంది. అందుకే మిగతాది రాస్తున్నాను.

సార్‌కి బెల్లు లేదు. ఎడమ చేతి దగ్గర ఒక స్టీలు చెంచా ఉండేది. ఏదైనా కావాలంటే మంచం రెయిలింగ్ మీద కొట్టేవారు. టింగ్, టింగ్. పగలు బాగానే ఉండేది. రాత్రుళ్లు ఆయనకి నిద్ర పట్టేది కాదు. జీవితమంతా రాత్రి డ్యూటీలు చేసిన ఒళ్లు. పదకొండుకి టింగ్. యూరిన్ క్యాన్ పెడితే రాదు. పన్నెండున్నరకి టింగ్. దిండు. ఒంటి గంటకి టింగ్. ఏమీ కాదు, ఊరికే. నేను ఉన్నానా లేదా అని.

ఆ నెల నాకు రిలీవర్, అంటే నా బదులు చేసే మనిషి, దొరకలేదు. ఇరవై మూడు రోజులు ఏకబిగిన, రాత్రీ పగలూ. ఏజెన్సీని అడిగితే రేపు రేపు అన్నారు. ఇరవై మూడో రాత్రి రెండు గంటలకి టింగ్ అంది. లేచాను, ఏమీ లేదు. పడుకున్నాను. టింగ్. లేచాను. పడుకున్నాను. టింగ్. నేను లేచి, ఒక్క మాట మాట్లాడకుండా, ఆయన వేళ్లు విడదీసి చెంచా తీసుకుని, నా పరుపు కింద పెట్టుకుని పడుకున్నాను.

వేళ్లు విడదీశాను అని రాశాను కదా. ఆయన గట్టిగా పట్టుకున్నారు. మిగిలిన ఒక్క చేతి బలమంతా పెట్టి పట్టుకున్నారు. నేను ముప్పై ఏళ్లవాణ్ని, నా బలం ముందు అదెంత? ఒక్కో వేలూ విప్పాను.

హాయిగా నిద్రపోయాను. ఆరున్నరకి లేచి చూస్తే నడుం నుంచి మెడ దాకా తడి. డైపరు నిండి కారి, దుప్పటి చల్లబడిపోయి ఉంది. ఆయన మెలకువగానే ఉన్నారు. ఎప్పటి నుంచి ఉన్నారో. రెయిలింగ్ మీద ఆయన ఎడమ చేతి వేళ్ల కణుపులు ఎర్రగా ఉన్నాయి. చెంచా లేక చేత్తో కొట్టారన్నమాట. వేళ్లతో కొడితే ఆ రెయిలింగ్ చప్పుడు చెయ్యదు.

అన్నీ మార్చాను. "సార్, తిప్పుతున్నాను" అనడానికి గొంతు రాలేదు. ఆయన నా వైపు చూడలేదు. ఆ రోజు చూడలేదు, మరుసటి రోజు చూడలేదు. అద్దం ఇస్తే పట్టుకోలేదు. "అదే" కూడా లేదు. ఉన్న ఒక్క మాటా నాతో మానేశారు.

రెండు రోజులూ నా టెన్షన్ వేరే. ఫోను ఎప్పుడు మోగుతుందా అని. నేను చేసింది చూసినవి ఆ గదిలో రెండే, సార్, కెమెరా. అమెరికాలో అప్పుడు పగలు, అమెరికా సార్ పనిలో ఉండి ఉంటారు. కెమెరాలోకి ఎవరూ చూడలేదు. సార్ చెప్పలేరు. నేను దొరకలేదు. దొరకనని తేలిపోయిన క్షణంలో నాకు వచ్చింది సిగ్గు, అంతకుముందు వచ్చింది భయమే. ఈ తేడా చాలా రోజులు నన్ను తిన్నది. చెప్పలేని మనిషి దగ్గర పనిచేస్తున్నానంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ప్లాస్టిక్ బొమ్మ కూడా చెప్పలేదు.

మూడో రోజు పొద్దున మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. "సార్, చెంచా తియ్యడం తప్పు. నిద్ర లేక చేశాను, అయినా తప్పే" అన్నాను. తిరగలేదు. గాజుగుడ్డ పేని తాడులా చేసి, చెంచా ఒక కొసకి, రెయిలింగ్ ఒక కొసకి ముడేశాను. నేను కూడా తియ్యలేనట్టు, తీస్తే కత్తెర కావాల్సినట్టు. అప్పుడు ఆయన ఆ ముడి చూశారు. చెంచా తీసుకుని ఒక్కసారి కొట్టారు. నేను పక్కనే ఉన్నాను, పిలవాల్సిన పని లేదు. అయినా "చెప్పండి సార్" అన్నాను.

అమ్మతో చెప్పాను, కొంత. నిద్ర లేకపోతే నేను మనిషిని కాలేకపోతున్నానమ్మా, వారానికి ఒక రోజు ఇంకో మనిషి కావాలి అన్నాను. ఆవిడ ఏమీ గుచ్చి అడగలేదు. కొడుకుతో పోట్లాడి ఆదివారాలకి మనిషిని పెట్టించారు. ఇళ్లల్లో పెద్దవాళ్లకి మనుషుల్ని పెట్టుకునేవాళ్లు చాలామంది "ఓపిగ్గా, ప్రేమగా చూసుకునేవాడు కావాలి" అంటారు, మళ్లీ ఇరవై నాలుగు గంటలకీ ఒక్కడే కావాలంటారు. రెండూ కలిపి మార్కెట్లో దొరకవండీ.

ఆ తరవాత రాత్రుళ్లు టింగ్ అన్నప్పుడు లేచి కూర్చుని కాసేపు ఏదో ఒకటి మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. సీతాఫల్‌మండిలో రైళ్ల చప్పుడు బాగా వినిపిస్తుంది. హారన్ మోగినప్పుడల్లా సార్ ఎడమ చెయ్యి కొంచెం లేచేది. ఒక రాత్రి సంక్రాంతికి ఊరెళ్లడానికి ఫోనులో టికెట్లు వెతుకుతూ, ఊరికే, ఒక ప్యాసింజరు బండి ఆగే స్టేషన్లు పైకి చదివాను. "కాజీపేట... పెండ్యాల..."

"ఘన్‌పూర్" అన్నారు సార్.

ఫోనులోంచి వచ్చిందనుకున్నాను. తల ఎత్తి చూస్తే సార్ పైకప్పు వైపు చూస్తున్నారు. నేను చదవడం మానేశాను. ఆయన ఆగలేదు. "రఘునాథపల్లి. జనగామ. పెంబర్తి. ఆలేరు." ఒక్కో పేరుకీ మధ్య సరిగ్గా అంతే ఎడం. బండి ఆ దూరం పోవాలి కదా, అందుకేమో. ఆలేరు దగ్గర ఆగిపోయారు. మొహం ఎర్రబడింది, పెదవులు కదుల్తున్నాయి, రావట్లేదు. నేను ఫోను చూసి "వంగపల్లి" అన్నాను. సాగదీసిన "అదే..." వచ్చింది. తరవాతది ఫోనులో ఉన్నట్టు చదివాను. "యాదాద్రి."

చెంచా రెయిలింగ్ మీద ఫట్‌మని పడింది. "రాయగిరి!"

"యాదాద్రి అని ఉంది సార్ ఇక్కడ."

"రాయగిరి!" అని ఇంకోసారి కొట్టారు. గొడవకి అమ్మ లేచొచ్చారు. గుమ్మంలో అలాగే నిలబడిపోయారు. ఏడాదిన్నర తరవాత ఆయన గొంతులో "అదే" కానిది వినడం ఆవిడకి. "ఆ స్టేషన్‌కు పేరు మార్చిన్రు బిడ్డా. ఆయన దిగిపోయినంక" అన్నారు, ఏడుస్తూ నవ్వుతూ.

స్పీచ్ థెరపీ మేడంకి చెప్తే ఎగిరి గంతేశారు. అంకెలు, వారాలు, స్తోత్రాలు, ఏళ్ల తరబడి వరసగా నోటికొచ్చినవి ఒక్కోసారి ఇలా బయటికొస్తాయట, మామూలు మాట రాకపోయినా. ఆవిడ మొదట్లోనే "ఒకటి, రెండు, మూడు చెప్పండి" అని చాలా ప్రయత్నించారు. సార్ తల తిప్పేసుకునేవారు. చేతకాక అనుకున్నాం అందరం. ఒకటో తరగతి పిల్లాడిలా అంకెలు చెప్పడం ఆయనకి నామోషీ అని నాకిప్పుడు అనిపిస్తుంది. స్టేషన్లయితే ఆయన ఉద్యోగం.

దాంతో మాట తిరిగొచ్చిందని కాదు. నీళ్లకి రెండు "అదే"లే ఆఖరి దాకా. కానీ రోజూ రాత్రి బండి కాజీపేటలో బయల్దేరేది. భువనగిరి, పగిడిపల్లి, బీబీనగర్, ఘట్‌కేసర్, చర్లపల్లి, మౌలాలి, సికింద్రాబాద్. తప్పిన చోట నేను అందించేవాణ్ని. కొన్నాళ్లకి నేను కావాలనే తప్పు చెప్పేవాణ్ని, తిట్టించుకోవడానికి. చాలా రాత్రులు బీబీనగర్ దాటకుండానే నిద్రపోయేవారు.

2023లో నిమ్ము చేసింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు. పొద్దున నాలుగింటికి పోయారు. ఇంటికి తెచ్చాక చివరి స్నానానికి ముందు గడ్డం నేనే గీశాను, బంధువులు ఒప్పుకున్నారు. "సార్, గీస్తున్నాను" అని చెప్పే గీశాను. పది గంటలకి ఏజెన్సీ నుంచి ఫోను, నిజాంపేటలో కొత్త డ్యూటీ ఉంది, సాయంత్రం చేరతావా అని. మా పనిలో అంతే, మైల మాకుండదు. బ్యాగు సర్దుకుని వెళ్తుంటే అమ్మ ఆ గొడవలో కూడా గుమ్మం దాకా వచ్చి "తిన్నవా బిడ్డా?" అన్నారు. తిన్నానని అబద్ధం చెప్పాను.

పోయిన నెల ఊరెళ్లాను. మా పెద్దమ్మ మంచాన పడి ఏడాదైంది. పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకి ఆంధ్రలో 2024 జూలై నుంచి నెలకి పదిహేను వేలు పింఛను ఇస్తున్నారు, పెద్దమ్మకి అది వస్తోంది. చూసేది మా వదిన. నేను జీతానికి చేసేదంతా ఆవిడ జీతం లేకుండా చేస్తోంది, పైగా వంటా, పొలమూ, ఇద్దరు పిల్లలూ. ఆవిడకి ఆదివారం రిలీవర్ ఎవరు? వారం రోజులు నేనుంటాను, నువ్వు మీ పుట్టింటికి వెళ్లిరా వదినా అని చెప్పి బయల్దేరాను.

సికింద్రాబాద్‌లో కోణార్క్ ఎక్కాను, పొద్దున పూట. కిటికీ పక్క సీటు. ఈ దారిలో నేనెప్పుడూ నిద్రపోతూ వెళ్లినవాణ్నే. ఈసారి మౌలాలి రాగానే నోరు దానంతటదే మొదలుపెట్టింది. చర్లపల్లి. ఘట్‌కేసర్. ఇటు నుంచి వెళ్తున్నాను కాబట్టి అంతా తిరగేసి చెప్పుకోవాలి, బీబీనగర్ దగ్గర కొంచెం తడబడ్డాను. ఎదురు సీట్లో ఒక పెద్దాయన అల్లం మురబ్బా చప్పరిస్తూ నన్నే చూస్తున్నారు. "రైల్వేలో చేస్తవా తమ్మీ?" అన్నారు. కాదండి అన్నాను. భువనగిరి కొండ వెనక్కి వెళ్లిపోయింది. బండి వేగం అందుకుంది, తరవాత స్టేషన్లో ఆగదు.

"రాయగిరి" అన్నాను.

ఆయన కిటికీలోంచి వంగి, వెనక్కి పరిగెత్తుతున్న పసుపు బోర్డు చూశారు. "యాదాద్రి అని రాసుంది గద తమ్మీ."

"రాయగిరేనండి" అన్నాను.